కపిల్, బోథమ్ ఎదురెదురుగా ఆడినప్పుడు ఎవరిది పైచేయి?

కవర్‌డ్రైవ్ అడిగిన ప్రశ్న

మా నాన్నకీ నాకూ నెల రోజులుగా ఒకటే వాదన. ఆయన కపిల్‌దేవ్ మనిషి. నేనేమో పాత స్కోరుకార్డులు చదువుతూ చదువుతూ ఇంగ్లాండ్ ఆల్‌రౌండర్ ఇయాన్ బోథమ్‌కి అభిమానినైపోయాను. 1981లో హెడింగ్లీలో ఫాలో ఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగడం) ఆడుతూ కొట్టిన 149 నాటౌట్, ఆ తర్వాతి టెస్టులోనే ఎడ్జ్‌బాస్టన్‌లో 28 బంతుల్లో ఒక్క పరుగిచ్చి తీసిన 5 వికెట్లు... ఇలాంటివి చదివాక ఎవరైనా పడిపోవాల్సిందే కదా.

నాన్న మాత్రం "అవన్నీ ఆస్ట్రేలియా మీద. మన కపిల్ ఎదురుగా ఉన్నప్పుడు ఏం చేశాడో చూడు" అంటారు. చూద్దామనే కూర్చున్నాను, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. నాకు కావాల్సింది టెస్టుల సంగతే. అందులోనూ ఇద్దరూ చెరోవైపు ఉన్న మ్యాచ్‌ల సంగతే. ఆ రోజుల్లో రేడియో విన్నవాళ్లు, మ్యాచ్ చూసినవాళ్లు ఇక్కడ ఉంటే కాస్త చెప్పండి. అంకెలు ఎలాగూ దొరుకుతాయి, వాటిని ఎలా చదవాలన్నదే నా ప్రశ్న.

స్కోర్‌షీట్ జవాబు

ముందు అంకెలు చూద్దాం, మిగతాది తర్వాత.

బోథమ్ మొత్తం 102 టెస్టులు ఆడాడు. 33.54 సగటుతో 5200 పరుగులు, 14 సెంచరీలు. బౌలింగ్‌లో 28.40 సగటుతో 383 వికెట్లు, 27 సార్లు ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు. క్యాచ్‌లు 120.

కపిల్ 131 టెస్టులు. 31.05 సగటుతో 5248 పరుగులు, 8 సెంచరీలు. 29.64 సగటుతో 434 వికెట్లు, 23 సార్లు 5 వికెట్లు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. ఇద్దరూ ఎదురుపడింది 14 టెస్టుల్లో. వాటిలో బోథమ్ 1201 పరుగులు చేశాడు, సగటు 70.64. సెంచరీలు ఐదు. వికెట్లు 59, సగటు 26.40. ఒక ఆల్‌రౌండర్ ఒకే ప్రత్యర్థి మీద ఇంతకంటే బాగా ఆడగలడా? కపిల్ అంటే నాకూ గౌరవమే. కానీ నాన్నగారు అడిగిన చోటే, అంటే కపిల్ ఎదురుగా ఉన్నప్పుడే, బోథమ్ ఇంకా చెలరేగాడు. నా ఓటు బోథమ్‌కే.

చెపాక్_గ్యాలరీ జవాబు

కవర్‌డ్రైవ్ గారూ, నేను కపిల్ పక్షం. ముందే చెప్పేస్తున్నాను, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి. స్కోర్‌షీట్ గారు ఇచ్చిన అంకెల్లో తప్పు లేదు. అయితే ఆ 14 టెస్టుల్నీ ఒకే ముద్దగా చూస్తే అసలు కథ కనబడదు.

వీళ్ల పోటీ అనగానే పదేళ్లకు పైగా సాగిన పోటీ అనుకుంటాం. ఆ దశాబ్దమంతా ఎవరు గొప్ప ఆల్‌రౌండర్ అన్న చర్చలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండేవి కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి టెస్టుల్లో వీళ్లు ఎదురెదురుగా ఆడింది మూడేళ్లే. 1979 జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో మొదలైంది, 1982 జూలైలో ఓవల్‌లో అయిపోయింది. అప్పటికి బోథమ్‌కి 26 ఏళ్లు, కపిల్‌కి 23. ఆ తర్వాత బోథమ్ 1992 దాకా, కపిల్ 1994 దాకా టెస్టులు ఆడారు. మళ్లీ ఒక్కసారి కూడా టెస్టులో ఎదురుపడలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ మూడేళ్లని నేను రెండుగా విడదీసి చూస్తాను. మొదటి ఐదు టెస్టులు ఒకటి, తర్వాతి తొమ్మిది (1981-82లో మన దగ్గర ఆరు, 1982లో ఇంగ్లాండ్‌లో మూడు) ఒకటి.

మొదటి ఐదూ బోథమ్‌వే. ఇందులో వాదనే లేదు. 1979లో కపిల్‌కి ఇరవై ఏళ్లు, ఇంగ్లాండ్‌కి రావడం అదే మొదలు. ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లాండ్ 5 వికెట్లకు 633 కొట్టి డిక్లేర్ చేసింది. ఆ ఐదు వికెట్లూ కపిల్‌వే, 146 పరుగులిచ్చి. నాకు ఈ ఒక్క అంకె చాలు ఆయన మీద ఎంత బరువు ఉండేదో చెప్పడానికి. జట్టులో మిగతా బౌలర్లందరూ కలిసి ఒక్క వికెట్ కూడా తీయలేదు. కానీ బ్యాటింగ్‌లో ఆ సిరీస్‌లో కపిల్ చేసింది దాదాపు ఏమీ లేదు. అటువైపు బోథమ్ లార్డ్స్‌లో 35 పరుగులిచ్చి 5 వికెట్లు తీసి మనల్ని 96కి ఆలౌట్ చేయడంలో ముందున్నాడు, హెడింగ్లీలో 137 కొట్టాడు.

తర్వాత 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో గోల్డెన్ జూబిలీ టెస్టు, మన క్రికెట్ బోర్డు యాభై ఏళ్ల వేడుకగా జరిగింది. మీరు బోథమ్ అభిమాని కాబట్టి ఇది చదివే ఉంటారు. ఒకే టెస్టులో సెంచరీ, 10 వికెట్లు అంతకుముందు పురుషుల క్రికెట్‌లో ఎవరూ చేయలేదు. బోథమ్ 114 కొట్టాడు, 106 పరుగులిచ్చి 13 వికెట్లు తీశాడు. ఆ సెంచరీ వెనక మన గుండప్ప విశ్వనాథ్ పెద్దమనసు ఉంది. ఇంగ్లాండ్ 5 వికెట్లకు 58 మీద కొట్టుమిట్టాడుతున్నప్పుడు బోథమ్‌కి బాబ్ టేలర్ తోడయ్యాడు. టేలర్ కీపర్‌కి క్యాచ్ ఇచ్చాడని అంపైర్ వేలెత్తాడు. బంతి బ్యాట్‌కి తగల్లేదని తెలిసి కెప్టెన్ విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచాడు. ఆ జంట 171 పరుగులు జోడించింది, మనం పది వికెట్లతో ఓడిపోయాం. అది తెలిసీ నాకు విశ్వనాథ్ మీద కోపం రాదు. అలా గెలవడం ఆయనకి ఇష్టం లేదంతే.

ఇప్పుడు లెక్క చూడండి. బోథమ్ మన మీద తీసిన 59 వికెట్లలో 33 ఈ ఐదు టెస్టుల్లోనే వచ్చాయి. మిగతా తొమ్మిదింటిలో వచ్చినవి 26. అదే తొమ్మిదింటిలో కపిల్‌కి 32. పరుగులు బోథమ్‌కి 843, కపిల్‌కి 610. ఆ రెండు సిరీస్‌ల్లోనూ మ్యాన్ ఆఫ్ ద సిరీస్ కపిలే. 1980కీ 1981 చివరికీ మధ్య ఎదిగింది కపిల్. బోథమ్ తగ్గలేదు, ఆ వేసవిలోనే కదా హెడింగ్లీ! ఆ ఊపులో వచ్చిన బోథమ్‌ని కపిల్ అందుకున్నాడు. నాకు ఈ పోటీలో నచ్చేది అదే.

1981 నవంబర్‌లో బొంబాయి టెస్టుతో ఆ సిరీస్ మొదలైంది. ఇంగ్లాండ్ గెలవాలంటే 241 కావాలి. కపిల్ 70 పరుగులకు 5, మదన్‌లాల్ 23 పరుగులకు 5. ఇంగ్లాండ్ 102కి ఆలౌట్. ఆరు టెస్టుల్లో ఫలితం తేలింది అదొక్కటే, సిరీస్ మనదైంది. మిగతా ఐదూ ప్రాణం లేని పిచ్‌ల మీద నత్తనడకన సాగి డ్రా అయ్యాయి. అలాంటి పిచ్‌ల మీద ఒక ఫాస్ట్ బౌలర్ సిరీస్‌లో 22 వికెట్లు తీయడమంటే మాటలు కాదు.

ఆ సిరీస్‌లో మద్రాసు టెస్టు రెండో రోజు నేను చెపాక్‌లో ఉన్నాను. సంక్రాంతి సెలవులు. మా మామయ్య అప్పుడు మద్రాసులో ఉద్యోగం చేసేవాడు, నన్ను రైలెక్కించమని అమ్మకి ఉత్తరం రాశాడు. నాకు పద్నాలుగేళ్లు. వెళ్లింది కపిల్‌ని చూడ్డానికి. తీరా చూస్తే మనది బ్యాటింగ్. విశ్వనాథ్, యశ్‌పాల్ శర్మ క్రీజులో ఉన్నారు. రోజంతా ఆడారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. కపిల్ పెవిలియన్‌లో, నేను గ్యాలరీలో. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, మన వికెట్ ఒకటి పడితే బావుండునని మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను. మాటిమాటికీ మెట్ల వైపు చూస్తున్నానని మామయ్య నా తల పట్టుకుని పిచ్ వైపు తిప్పాడు. "విశ్వనాథ్ స్క్వేర్‌కట్ ఆడుతుంటే పెవిలియన్ చూస్తావేంట్రా?" అన్నాడు. విశ్వనాథ్ ఆ ఇన్నింగ్స్‌లో 222 చేశాడు.

అలా ఆ రోజంతా నేను చూసింది బోథమ్‌ని. స్లిప్‌లో, అంటే కీపర్ పక్కన, అతను నిలబడే తీరే వేరు. పక్కవాళ్ల కంటే ఒకటి రెండడుగులు ముందుకొచ్చి, చేతులు మోకాళ్ల మీద ఆనించి నిలబడేవాడు. అంత దగ్గరగా నిలబడితే బంతి అందుకునే టైమ్ ఏదని మామయ్యని అడిగాను. "దూరంగా నిలబడితే బంతి ముందే నేల మీద పడుతుంది. ఈ పిచ్ మీద లేస్తుందా?" అన్నాడు. బంతి ఇచ్చినప్పుడల్లా వచ్చి వేసేవాడు. వికెట్ వచ్చే సూచన లేదు, పిచ్‌లో ఏమీ లేదు, ఎండ మండిపోతోంది. అయినా ప్రతి బంతికీ ఇప్పుడు ఔట్ చేస్తానన్నట్టే పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. ఇంటికొచ్చాక అన్నయ్యకి చెప్పాను, కపిల్‌ని చూడలేకపోయాను కానీ బోథమ్‌ని చూశానని. అప్పటిదాకా బోథమ్ అంటే నాకు మంట. ఆ రోజుతో పోయింది.

తర్వాత కాన్పూర్. దానికి వెళ్లలేదు, ట్రాన్సిస్టర్‌లో విన్నాను. పొగమంచు, వెలుతురు లేక ఆట పోవడం, ఎలాగూ డ్రా అని అందరికీ తెలిసిన మ్యాచ్. అందులో బోథమ్ 142 కొట్టాడు. ఇంగ్లాండ్ 9 వికెట్లకు 378 దగ్గర డిక్లేర్ చేసింది. మనం ఆడితే కపిల్ 116. మ్యాచ్ ఆగేసరికి మన స్కోరు 7 వికెట్లకు 377. ఒక్క పరుగు తేడా. ఫలితం తేలేలా లేదు కాబట్టి ఆ మ్యాచ్‌తో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. వాళ్లిద్దరికీ మాత్రం అది వేరే మ్యాచ్ అని నా నమ్మకం. ఇంగ్లాండ్ వైపు సెంచరీ బోథమ్‌ది ఒక్కటే, మనవైపు కపిల్‌ది ఒక్కటే.

ఇక 1982 జూన్, లార్డ్స్. నాన్నగారితో వాదించే ముందు ఈ ఒక్క స్కోరుకార్డు బాగా చదవండి. బోథమ్ 67 కొట్టి, 46 పరుగులకు 5 వికెట్లు తీశాడు. మనం 128కి ఆలౌటై ఫాలో ఆన్. అదే మ్యాచ్‌లో కపిల్ 125 పరుగులకు 5 వికెట్లు తీశాడు, బ్యాటింగ్‌లో 41, రెండో ఇన్నింగ్స్‌లో 55 బంతుల్లో 89. ఇంగ్లాండ్‌కి కావాల్సింది 65 పరుగులే. ఓటమి ఖాయమని తెలిసినా కొత్త బంతితో వచ్చి మూడు వికెట్లు పడగొట్టాడు. మనం ఏడు వికెట్లతో ఓడిపోయాం, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం ఓడిన జట్టులోని కపిల్‌కి ఇచ్చారు.

బోథమ్ దానికి బదులు తీర్చుకున్నాడు. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 128. ఓవల్‌లో 208, అందులో డబుల్ సెంచరీ 220 బంతుల్లోనే వచ్చింది. బ్యాట్స్‌మన్ ముంగిట్లో, సిల్లీ పాయింట్‌లో నిలబడ్డ గవాస్కర్‌కి అతను కొట్టిన బంతి తగిలి కాలి ఎముక విరిగింది. ఆ మ్యాచ్‌లో గవాస్కర్ బ్యాటింగ్‌కే రాలేకపోయాడు.

కాబట్టి నా మాట ఇది: మొదటి ఐదు బోథమ్‌వి, తర్వాతి తొమ్మిది సరిసమానం, బౌలింగ్‌లో కపిల్ కాస్త పైన, బ్యాటింగ్‌లో బోథమ్ పైన. ఇంకొకటి కూడా లెక్కలో వేసుకోండి. బోథమ్ ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాడు, కపిల్ ఏడు, ఎనిమిది. బోథమ్‌కి బౌలింగ్‌లో అటువైపు ఫాస్ట్ బౌలర్ బాబ్ విల్లిస్ ఉండేవాడు. కపిల్‌కి అటువైపు ఉన్నవాళ్లు, మదన్‌లాల్ కానివ్వండి ఘావ్రీ కానివ్వండి, కష్టపడే మంచి బౌలర్లే, కానీ విల్లిస్‌లు కాదు.

లెగ్‌గ్లాన్స్ జవాబు

1983 వరల్డ్ కప్ సెమీఫైనల్ ఎవరూ చెప్పరేం? ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో బోథమ్‌ని కీర్తి ఆజాద్ బౌల్డ్ చేశాడు, కపిల్ 35 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఆ రోజుతో వాదన ముగిసిపోయింది.

రివర్స్‌స్వింగ్ జవాబు

సెమీఫైనల్ వన్డే కదండీ, కవర్‌డ్రైవ్ గారు అడిగింది టెస్టుల గురించి.

నాకు వేరే అభ్యంతరం ఉంది. ఆ రోజుల నలుగురు పెద్ద ఆల్‌రౌండర్లలో (కపిల్, బోథమ్, హాడ్లీ, ఇమ్రాన్) టెస్టుల్లో అందరికంటే పైన ఉన్నది పాకిస్తాన్ ఇమ్రాన్ ఖాన్. బ్యాటింగ్ సగటు 37.69, బౌలింగ్ సగటు 22.81. 1982-83లో మన మీద ఆరు టెస్టుల్లో 40 వికెట్లు. ఫైసలాబాద్‌లో 117 కొట్టి 11 వికెట్లు తీశాడు, బోథమ్ జూబిలీ టెస్టు తర్వాత ఆ పని చేసిన రెండోవాడు ఇమ్రానే. కపిల్‌కి అసలు పోటీ అతనే.

చెపాక్_గ్యాలరీ జవాబు

ఇమ్రాన్ గొప్పతనం మీద నాకు పేచీ లేదండీ. ఆ సిరీస్‌లో అతని ఇన్‌స్వింగర్లు లోపలికి దూసుకొస్తుంటే మనవాళ్లు నిలబడలేకపోయారు. అదే సిరీస్‌లో లాహోర్‌లో కపిల్ కూడా 85 పరుగులకు 8 వికెట్లు తీశాడని మాత్రం గుర్తుచేస్తున్నాను. అది వేరే చర్చ, మీరు మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను.

కవర్‌డ్రైవ్

చెపాక్_గ్యాలరీ గారూ, చాలా థాంక్స్. ఐదు, తొమ్మిది అని విడదీసి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఒక సందేహం. 1982 తర్వాత కూడా భారత్, ఇంగ్లాండ్ సిరీస్‌లు జరిగాయి కదా. మరి వీళ్లు ఎందుకు ఎదురుపడలేదు? ఇంకా ఆడి ఉంటే ఏమయ్యేదంటారు?

చెపాక్_గ్యాలరీ జవాబు

1984-85లో ఇంగ్లాండ్ మన దగ్గరికి వచ్చినప్పుడు బోథమ్ విశ్రాంతి తీసుకుని ఇంట్లో ఉండిపోయాడు. 1986లో మనం వెళ్లినప్పుడు గంజాయి తాగిన సంగతి ఒప్పుకున్నందుకు అతని మీద నిషేధం ఉంది. కపిల్ కెప్టెన్‌గా ఆ సిరీస్ 2-0తో గెలిచాం. లార్డ్స్‌లో గెలుపు పరుగులు కపిల్ సిక్సర్‌తోనే వచ్చాయి, అటువైపు బోథమ్ లేడు. 1990లో బోథమ్ ఇంగ్లాండ్ జట్టులోనే లేడు. ఆ ఏడాది లార్డ్స్‌లో ఫాలో ఆన్ తప్పాలంటే 24 పరుగులు కావాలి, చివరి వికెట్‌గా హిర్వాణీ అవతల ఉన్నాడు. కపిల్ ఇంగ్లాండ్ స్పిన్నర్ ఎడ్డీ హెమ్మింగ్స్‌ని వరసగా నాలుగు సిక్సర్లు బాదాడు. తర్వాత కాసేపటికే హిర్వాణీ ఔట్. ఆ నాలుగు బంతులప్పుడు బోథమ్ మైదానంలో ఉండి ఉంటే ఎంత బావుండేదో అనిపిస్తుంది నాకు.

ఇంకా ఆడి ఉంటే ఏమయ్యేదంటే, కాలం కపిల్ వైపు ఉండేదని నా అభిప్రాయం. బోథమ్‌కి వెన్నునొప్పి ముదిరింది, 1988లో వెన్నుకు ఆపరేషన్ అయింది, ఆ పాత ఔట్‌స్వింగర్ వేగం మళ్లీ రాలేదు. కపిల్ 131 టెస్టుల్లో గాయం వల్ల ఒక్కటి కూడా మానలేదు. మధ్యలో మానిన ఒకే ఒక్క టెస్టు కలకత్తాది, 1984-85లో. అదీ ఢిల్లీలో చెత్త షాట్ ఆడాడని సెలక్టర్లు తప్పించడం వల్ల. మన ఎండల్లో, మన పిచ్‌ల మీద, పదహారేళ్ల పాటు ఒక ఫాస్ట్ బౌలర్ అలా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

కానీ శిఖరం ఎవరిది ఎత్తు అని అడిగితే, 1980 బొంబాయి నుంచి 1982 ఓవల్ దాకా చూసినవాడిగా బోథమ్‌దే అంటాను. కపిల్ పక్షం అని ముందే చెప్పి ఈ మాట రాయడం నాకు తేలిక కాదు.

కవర్‌డ్రైవ్

మొత్తం నాన్నకి చదివి వినిపించాను. చెపాక్‌లో మీరు వికెట్ పడాలని కోరుకున్న దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారు. "మొదటి ఐదూ నువ్వు తీసుకో, తర్వాతి తొమ్మిదీ నాకిచ్చెయ్" అంటున్నారు. ఓవల్ 208 ఉంది, తొమ్మిదీ ఇవ్వనన్నాను. ఇప్పుడు వాదన ఓవల్ మీదికి వచ్చింది.

చెపాక్_గ్యాలరీ జవాబు

అదే ఓవల్‌లో కపిల్ 97 ఉంది. నాన్నగారికి చెప్పండి.